నిమ్మలకుంటలో హందాలా

హందాలా బొమ్మను తోలు మీద కోయించాలన్న కోరిక నాకు చాలాకాలంగా ఉంది. హందాలా పదేళ్ళ పిల్లవాడు. కాళ్ళకు చెప్పులుండవు, చొక్కా నిండా అతుకులు, తల మీద నాలుగు వెంట్రుకలు ముళ్ళలా నిక్కబొడుచుకుని ఉంటాయి. చేతులు రెండూ వెనక్కి కట్టుకుని, మనకు వీపు చూపిస్తూ నిలబడతాడు. పాలస్తీనా కార్టూనిస్టు నాజీ అల్ అలీ 1969లో కువైట్‌లోని ఒక పత్రికలో వీణ్ణి మొదటిసారి గీశాడు. ఇవాళ ఆ ప్రజలకు జెండా ఎంతో వీడూ అంతే. గోడల మీద, తాళంచెవుల గుత్తులకు, మెడ గొలుసులకు వీడే కనిపిస్తాడు. 2025లో గాజాకు సహాయం తీసుకుని బయల్దేరిన ఒక నౌక పేరు కూడా హందాలాయే.

అనంతపురంలో పిల్లలకు డ్రాయింగ్ చెబుతాను. కార్టూన్ పాఠం వచ్చినప్పుడల్లా బోర్డు మీద వీణ్ణి గీస్తాను. గీయడానికి నిమిషం పట్టదు, కానీ పిల్లలు ఆ గంటంతా వీణ్ణి వదలరు. "ముఖం ఏది టీచర్?" అని ఒకరు, "ఎవరి మీద అలిగినాడు?" అని ఇంకొకరు. నాజీ అల్ అలీ కథ అప్పుడు చెబుతాను. 1948లో సొంత ఊరు వదిలి కుటుంబంతో లెబనాన్‌లోని శరణార్థుల శిబిరానికి చేరేసరికి అతనికి పదేళ్ళు. అందుకే హందాలాకూ పదేళ్ళే. ఊరికి తిరిగి వెళ్ళినప్పుడే వాడు పదకొండో ఏట అడుగుపెడతాడని అతను చెప్పేవాడు. మొదట్లో హందాలాకు ముఖం ఉండేది. 1973 అరబ్-ఇజ్రాయెల్ యుద్ధం తర్వాత అటు తిరిగిపోయాడు. వాడి ముఖం ఎప్పుడు చూపిస్తావని అడిగితే, మా ప్రజలకు స్వేచ్ఛ, గౌరవం తిరిగి వచ్చిన రోజున అన్నాడట. 1987 జులైలో లండన్ వీధిలో అతణ్ణి ఎవరో కాల్చారు, ఆగస్టులో చనిపోయాడు. బొమ్మ మాత్రం అట్లాగే నిలబడి ఉంది.

తోలు మీదే ఎందుకంటే, నిమ్మలకుంట మాకు అంత దగ్గర కాబట్టి. జిల్లాలు విడగొట్టాక ఆ ఊరు సత్యసాయి జిల్లాలోకి వెళ్ళింది గానీ మా నోటికి ఇప్పటికీ అనంతపురమే. తోలుబొమ్మలాటకు ఆ ఊరు పెట్టింది పేరు. ఆ ఊరి కళాకారుడు దళవాయి చలపతిరావు గారికి 2020లో పద్మశ్రీ వచ్చింది. నీడ చూసి ఇది ఫలానా వాడని పసిపిల్లలు కూడా చెప్పగలిగే బొమ్మలు చేసేవాళ్ళు అక్కడుంటే, ఇంకో ఊరికి ఎందుకు వెళ్ళాలి?

మా తమ్ముడి కొడుకు హైదరాబాద్‌లో యానిమేషన్ చదువుతున్నాడు. దీపావళికి ఇంటికొచ్చి ఇంకా వెళ్ళలేదు. సంగతి చెప్పగానే హందాలా బొమ్మ ప్రింటు తీయించుకొచ్చి, "పోదాం పా అత్తా" అని బండి బయటకు తీశాడు.

పొద్దున్నే ఉగ్గాణి, మిరపకాయ బజ్జీ తిని బయల్దేరాం. రాప్తాడు మీదుగా ధర్మవరం దారి. చెనిక్కాయ పీకి కుప్పలేసిన చేలు రెండు పక్కలా. ఈసారి వాన కాస్త కరుణించినట్టుంది, కుప్పలు పెద్దవిగానే ఉన్నాయి. ఒకచోట ఆగితే కాయ దులుపుతున్న ఆడవాళ్ళు పిలిచి దోసిటినిండా పెట్టారు. పచ్చి చెనిక్కాయ నములుతూ ధర్మవరం చేరాం. పట్టుచీరల వీధుల్లో ఆగలేదు. ఆగితే నేను అక్కడే ఉండిపోతానని మావాడికి తెలుసు. చిత్రావతి దాటి, టీ తాగి, దారి అడుక్కుంటూ నిమ్మలకుంట చేరేసరికి ఎండ ముదిరింది.

ఊళ్ళోకి వెళ్ళగానే మేకతోళ్ళు కనిపించాయి. నేల మీద మేకులు కొట్టి, బిగలాగి ఆరబెట్టారు. బొచ్చు గీకేసి, కడిగి, ఇలా ఎండబెడితే తోలు పలచబడి వెలుతురు ఇవతలికి వస్తుంది. ఒక తోలు ఎత్తి ఎండకు పట్టుకుంటే నా అయిదు వేళ్ళూ అవతలి నుంచి కనిపించాయి. ఈ ఆట మొత్తం ఆ గుణం మీదే నిలబడి ఉంది. అన్ని తోలుబొమ్మలూ నల్లటి నీడే వేయవు. మన ఆంధ్ర బొమ్మలది రంగుల నీడ. అందుకే రంగు రెండు పక్కలా వేస్తారు. కొన్ని బొమ్మలు దాదాపు మనిషెత్తు ఉంటాయి. మెడ, భుజం, మోచెయ్యి, నడుము విడివిడిగా కోసి కీళ్ళ దగ్గర ముడులు వేస్తారు. నగలున్న చోటల్లా సన్నటి ఉలితో రంధ్రాలు కొడతారు. తెర వెనక దీపం వెలిగితే ఆ రంధ్రాలే రవ్వలు.

మేం వెళ్ళిన ఇంట్లో పెద్దాయన వసారాలో కూర్చుని పని చేస్తున్నాడు. కోడలు పక్కన చెక్క దిమ్మె మీద తోలు పెట్టి టకటకమని రంధ్రాలు కొడుతోంది. ఆమె చెయ్యి చూస్తూ ఎంతసేపైనా ఉండొచ్చు. ఉలి తోలు మీద ఆనగానే సుత్తి దెబ్బ, ఉలి జరగగానే ఇంకో దెబ్బ, ఒక్క రంధ్రం కూడా గీత దాటదు. చుట్టూ ఉన్నవన్నీ దీపాల మీద పెట్టే తోలు షేడ్లు, గోడకు తగిలించే బొమ్మలు. నెమలి, జింక, చెట్టు, పూలు. కొనేవాళ్ళు అడిగేవి అవే. రాముడు, హనుమంతుడు కూడా పోతారు. "జుట్టుపోలిగాణ్ణి ఎవరైనా అడుగుతారా?" అంటే ఆమె నవ్వి, "వాణ్ణి ఇంట్లో ఎవరు పెట్టుకుంటారు మేడమ్?" అంది.

నాకు ఆ మాట కష్టంగా తోచింది. జుట్టుపోలిగాడు, కేతిగాడు, బంగారక్క లేకుండా తోలుబొమ్మలాట ఏముంది? రామాయణం రసపట్టులో ఉండగా ఈ ముగ్గురూ తెర మీదికి దూకుతారు. కథ ఆగిపోతుంది. ఊళ్ళో కరువు, ధరలు, అధికారి లంచం, అత్తాకోడళ్ళ తగువు, ఏదైనా వాళ్ళ నోట్లో పడాల్సిందే. మొహమాటం లేదు, భయం లేదు, బూతుకు వెనకాడరు. పేపర్లు లేని కాలంలో మన పల్లెల్లో రోజువారీ కార్టూన్ అంటే వాళ్ళే. కుటుంబ నియంత్రణ నుంచి ఎయిడ్స్ దాకా ఏ సంగతి పల్లెకు చెప్పాలన్నా ప్రభుత్వం కూడా తోలుబొమ్మలాటను వాడుకుంది. అంత పని చేసిన బొమ్మలు ఈ వసారాలో ఒక మూల సంచిలో ఉన్నాయి.

ప్రింటు తీసి పెద్దాయన చేతిలో పెట్టాను. కళ్ళజోడు సర్దుకుని, దూరంగా పట్టుకుని, దగ్గరగా పట్టుకుని చూశాడు.

"ఎవరి పిల్లోడమ్మా వీడు?"

"ఊరు పోగొట్టుకున్న పిల్లోడు తాతా," అన్నాడు మావాడు. తనకు తోచినట్టు కథంతా చెప్పాడు. యుద్ధం, శిబిరం, తిరిగి వెళ్ళడానికి వీల్లేకపోవడం. పెద్దాయన మధ్యమధ్యలో కోడలితో ఏదో అంటున్నాడు. ఇంట్లో వాళ్ళు మాట్లాడుకునేది మరాఠీ కలిసిన భాష. ఎన్నో తరాల కిందట మరాఠా దేశం నుంచి వచ్చిన కుటుంబాలవి.

"మేమూ యాడనుంచో వచ్చినోళ్ళమే నాయనా. మా తాతల కాలంలో బొమ్మల పెట్టె బండి మీదేసుకుని ఊరూరూ తిరగడమే. ఏ ఊళ్ళో ఆడితే ఆ ఊరే మాది," అన్నాడు. మళ్ళీ బొమ్మ వైపు చూసి, "సరే గానీ, ముఖం లేకుంటే ఎట్లమ్మా? కన్ను పెడితేనే కదా బొమ్మ అయ్యేది."

ఇది మాటవరసకు అన్నది కాదు, పనిలో చిక్కు. తోలుబొమ్మ చాలావరకు పక్కకు తిరిగి ఉంటుంది. ముక్కు, గడ్డం, పెద్ద కన్ను, వీటితోనే నీడలో మనిషిని గుర్తుపడతాం. వెనక్కి తిరిగిన మనిషి నీడకూ ముందుకు తిరిగిన మనిషి నీడకూ తేడా ఏముంది? కాగితం మీద నాజీ అల్ అలీ నాలుగు గీతల్లో తేల్చేసిన సంగతి తెర మీదికి వచ్చేసరికి మా ముగ్గురినీ చాలాసేపు కూర్చోబెట్టింది.

చివరికి దారి చేతుల్లో దొరికింది. వెనక్కి కట్టుకున్న చేతులు కనిపిస్తే అది వీపేనని ఎవరికైనా తెలుస్తుంది. కాబట్టి ఆ వేళ్ళు స్పష్టంగా రావాలి. ఒక్కో వేలి చుట్టూ సన్నటి రంధ్రాల వరస కొడితే, దీపం పెట్టినప్పుడు చేతులు ముందు వెలుగుతాయి. చొక్కా అతుకులకు కుట్లు కూడా అట్లాగే. పెద్దాయన వెదురు కలం నల్లసిరాలో ముంచి, ప్రింటు పక్కన పెట్టుకుని, గీయడం మొదలుపెట్టాడు. కింద పెన్సిల్ గీత ఏమీ లేదు. మడమ దగ్గర మొదలైన గీత కలం ఎత్తకుండా భుజం దాకా పోయింది. డ్రాయింగ్ చెప్పే నేను అటువంటి గీత గీయలేను.

"కీళ్ళు యాడ పెట్టల్ల?" అని అడిగాడు. ఎక్కడా వద్దన్నాను. ఒక్క క్షణం ఆలోచించి, "అయితే ఒకే ముక్క. నడిమిట్లో ఒక్క పుల్ల చాలు, చేతికి పుల్ల అక్కర్లేదు," అన్నాడు. మామూలు బొమ్మకు నడుమ ఒక బద్ద, చేతులు ఆడించడానికి వేరే పుల్లలు ఉంటాయి. తెర మీద బొమ్మ మాట్లాడుతోందని మనకు తెలిసేది పెదవుల వల్ల కాదు, చెయ్యి కదలడం వల్ల. చేతికి పుల్ల లేదంటే ఆ బొమ్మ మాట్లాడదని అర్థం.

కార్టూనిస్టు ఆర్.కె. లక్ష్మణ్ గారి కామన్ మ్యాన్ అప్పుడే నాకు గుర్తొచ్చాడు. ఆయనా నోరు తెరవడు. 1951 నుంచి గళ్ళకోటు, పంచె, కళ్ళజోడుతో అన్నిచోట్లా చూస్తూ నిలబడ్డాడు తప్ప ఒక్క మాట అనలేదు. ఆయన బొమ్మతో 1988లో తపాలా బిళ్ళ వచ్చింది, పుణెలో విగ్రహం నిలబెట్టారు. ఒకడు పాలస్తీనాకు, ఒకాయన మన దేశపు సామాన్యుడికి గుర్తు. ఇద్దరూ మాట్లాడరు, ఇద్దరూ చూస్తారు. చూసేవాడి ముందు అబద్ధం ఆడటం కష్టం. ఆ బలం నాకు తెలుసు, వాళ్ళంటే ప్రేమ కూడా. కానీ మాట్లాడే జుట్టుపోలిగాడు వాళ్ళకు ఏమాత్రం తక్కువ? వాళ్ళ కన్నా ఎన్నో తరాల ముందు నుంచి రాజుగారి కథ మధ్యలో దూరి పేదవాడి మాట చెబుతున్నాడు. వాడి పేరునా ఒక తపాలా బిళ్ళ రావాలి, అనంతపురం బస్టాండులో వాడి విగ్రహం ఉండాలి. ఇది నేను పెద్దాయనతోనూ అన్నాను. "పెట్టనీమ్మా, ఆ విగ్రహానికి మాత్రం చేతులు ఆడల్ల," అన్నాడు.

రంగుల దగ్గర కాసేపు వాదం నడిచింది. హందాలా నలుపు తెలుపు బొమ్మ, అట్లాగే ఉంచుదామని నేను. రంగు లేని బొమ్మ తెర మీద నిలవదని పెద్దాయన. ఆయన ముందున్న సీసాలు చూసి మావాడే తేల్చాడు. నలుపు, ఎరుపు, ఆకుపచ్చ. తోలు ఎలాగూ తెల్లగా ఉంది. "అత్తా, ఈ నాలుగే కదా పాలస్తీనా జెండా!" అన్నాడు. అవే ఇక్కడ ఇన్ని తరాలుగా రాముడికీ రావణుడికీ వేస్తున్న రంగులు. ఇంక నేనేం మాట్లాడను? జుట్టు నలుపు, ఒక అతుకు ఎరుపు, ఒకటి పచ్చ, మిగతాదంతా తోలు తెలుపే.

ఇంతలో ఆయనకు ఇంకో ఆలోచన. "రెండో పక్క ముఖం రాద్దామామ్మా? కావాలన్నప్పుడు తిప్పుకోవచ్చు." నాజీ అల్ అలీ చెప్పిన మాట చెప్పాను. ఆ రోజు ఇంకా రాలేదని చెప్పాను. ఆయన తోలు ఎత్తి ఎండకు పట్టి తనే తల అడ్డంగా ఊపాడు. "రాసినా కుదరదులే. దీపం పెడితే అవతల రాసింది ఇవతలికి వచ్చేస్తాది. వీపులో కండ్లు కనపడతాయి." కాబట్టి రెండు పక్కలా వీపే.

రంధ్రాలు కొట్టాలి, రంగు ఆరాలి, పుల్ల బిగించాలి. రేపు సాయంత్రం రమ్మన్నారు. రాత్రి ధర్మవరంలో ఉండి, పొద్దున్నే హిందూపురం మీదుగా లేపాక్షి వెళ్ళాం. లేపాక్షి గురించి చాలామంది రాశారు, నేను వేలాడే స్తంభం జోలికి పోను. బసవన్న దగ్గర కూడా ఎక్కువసేపు ఆగలేదు. నాకు కావాల్సింది మండపం పైకప్పు. విరుపణ్ణ గుడి కట్టించిన విజయనగర కాలం నాటి బొమ్మలు అవి, పదహారో శతాబ్దం. మెడ నొప్పెట్టేదాకా చూశాం. నల్లటి గట్టి గీత, పక్కకు తిరిగిన ముఖం, చెవి దాకా సాగిన కన్ను, పదునైన ముక్కు, చీర మీద గళ్ళు, చుక్కలు, లతలు. నిన్న వసారాలో చూసినవే ఇవి. ఈ రెంటికీ చుట్టరికం ఉందని కళాచరిత్ర రాసినవాళ్ళు అంటారు. వెంటవెంటనే రెండూ చూస్తే పుస్తకం అక్కర్లేదు. పైకప్పు మీది మనుషులను ఒడుపుగా కోసి, పుల్ల బిగించి, చేతికిస్తే తెర మీద ఆడతారు. మావాడు గార్డు అనుమతి అడిగి నేల మీద వెల్లకిలా పడుకుని పెన్సిల్‌తో స్కెచ్ వేసుకున్నాడు. వాడు ఫోన్ పక్కన పెట్టి గీయడం చూసి సంతోషమేసింది.

సాయంత్రం నిమ్మలకుంటకు వచ్చేసరికి హందాలా తయారుగా ఉన్నాడు. మూరెడు ఎత్తు. అన్నమాట ప్రకారం వేళ్ళ చుట్టూ చుక్కల వరస. నేను అడగని పని ఒకటి కోడలు చేసింది. జుట్టు కొనల దగ్గర ఒక్కో రంధ్రం కొట్టింది. ఎందుకమ్మా అంటే, "వాడికి నగలేం లేకపాయె మేడమ్, ఇదన్నా ఉండనీ అని," అంది.

"తెర మీద చూడకుండా ఎట్ల తీసకపోతారు?" అని పెద్దాయన పంచె ఒకటి కట్టించాడు. వెనక బల్బు వేలాడదీశారు. కొడుకు హార్మోనియం ముందుకు లాక్కున్నాడు. ఎవరు చెప్పారో ఏమో, వీధిలో పిల్లలంతా చేరిపోయారు. హందాలాను తెరకు ఆనించి ఈతముల్లు గుచ్చారు. ఎరుపు, పచ్చ అతుకులు వెలిగాయి. తర్వాత చేతులు. పిల్లల్లో ఒకడు వెంటనే, "అటు తిరిగినాడు!" అని అరిచాడు. నాకు ప్రాణం కుదుటపడింది.

అంతలో సంచిలోంచి జుట్టుపోలిగాడు దూకాడు. నేను అడగలేదు, ఎవరూ చెప్పలేదు. పెద్దాయన గొంతు మారిపోయింది.

"ఏమప్పా, యా ఊరు నీది? అట్ల తిరుక్కున్నావే, అప్పులోళ్ళు గానీ వస్తాండారా?"

హందాలా పలకడు. జుట్టుపోలిగాడు ఎగిరి ఇటు పక్కకొచ్చి చూశాడు, వీపే. అటు పక్కకెళ్ళి చూశాడు, వీపే. చివరికి ముల్లు పీకి హందాలాను తిరగేసి మళ్ళీ తెరకు ఆనించారు. అప్పుడూ వీపే! పిల్లలు పగలబడి నవ్వారు. "వాడు తిరగడు, వాడు తిరగడు!" అని ఒకటే గోల. నిన్న కుదరదని వదిలేసిన ముఖం ఇప్పుడు ఆటకు ఆయువుపట్టయింది. ముప్పావుగంట కిందట ఆరిన బొమ్మకు అంతలోనే ఒక సన్నివేశం కట్టేశాడాయన.

ఆ గోల మధ్యలో బంగారక్క వచ్చింది. రావడమే పోలిగాడి జుట్టు పట్టుకుంది. "పిల్లోడు అన్నం తిన్నాడో లేదో అడక్కుండా ఊరి పేరెందుకురా నీకు? ఊరుంటే ఈడికెందుకు వస్తాడు?" అని నాలుగు వాయించింది. ఆ మాటకు తెర ఇవతల కూర్చున్న పెద్దవాళ్ళు "అదీ మాట" అన్నారు. పాలస్తీనా ఎక్కడుందో ఆ వీధిలో ఎందరికి తెలుసో నాకు తెలియదు. ఊరు లేని పిల్లవాడంటే ఏమిటో మాత్రం అందరికీ తెలిసింది. నాజీ అల్ అలీ అక్కడుంటే పిల్లల మధ్య కూర్చుని చూసేవాడు.

ఆట ముగిశాక డబ్బు సంగతి అడిగితే మామూలు దీపం షేడ్ ధర చెప్పాడు. ఆటకు వేరే తీసుకోవాలని పట్టుబట్టి ఇచ్చాను. బొమ్మను రెండు అట్టల మధ్య పెట్టి గుడ్డ చుట్టి, తోలుకు చెమ్మ తగలకూడదని, ముడతపడితే బరువు కింద పెట్టాలని కోడలు జాగ్రత్తలు చెప్పింది. మీరు నిమ్మలకుంట వెళ్తే నెమళ్ళు, జింకలు కొనుక్కోండి, వద్దనను. వాటితోపాటు ఒక జుట్టుపోలిగాణ్ణి అడగండి. వీలుంటే నలుగురు కలిసి ముందుగా చెప్పి ఒక ఆట కట్టించుకోండి. ఆ సంచి విప్పడానికి వాళ్ళు ఎదురుచూస్తున్నారు.

బండి ఎక్కబోతుంటే పెద్దాయన గడప దాకా వచ్చాడు.

"ఆ గళ్ళకోటు పెద్దమనిషి బొమ్మ కూడా పట్టుకురా తల్లీ. గడికొక రంధ్రం కొడితే కోటు భలే వెలుగుతాది. ఆయనా మాట్లాడడంటివి కదా, మా బంగారక్క చూసుకుంటాదిలే."

మావాడు అప్పటికే ఫోన్‌లో వెతికి ఆయనకు చూపిస్తున్నాడు.